పదిలో ఎంత?

కుట్టుమిషను పక్కన ప్లాస్టిక్ కుర్చీ. దాని మీద దిండు, దిండు మీద కుడి కాలు. మోకాలి మీద జానెడు పొడుగు మచ్చ.

"కుట్టు మాత్రం ఎక్కడా వంకరపోలేదు," అని ఆ మచ్చని చూసి రోజూ అనుకుంటుంది మిషనమ్మ. నలభై ఏళ్ళు ఆ వీధికంతటికీ బట్టలు కుట్టిన మనిషి. ఇంకొకరి పనిని అంత తేలిగ్గా మెచ్చుకునే రకం కాదు.

మోకాలు మార్చి పదకొండు వారాలైంది.

ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి, కాలికి కసరత్తులు చేయించే అమ్మాయి.

"నొప్పి పదిలో ఎంత ఉందమ్మా?"

"రెండు."

ప్రతి వారం ఇదే జవాబు. ఎవరడిగినా రెండే. మొండిఘటం.

"పోయినసారి కాలు వంచలేకపోయారు కదా. ఇప్పుడు చెప్తే ఏదో ఒకటి చెయ్యగలం. ముదిరిపోతే ఆ నొప్పి జన్మంతా ఉండిపోతుంది."

"రెండేనమ్మా."

అవతల నిట్టూర్పు వినపడింది.

"మీతో ఉండే అక్కగారికి ఒకసారి ఫోన్ ఇవ్వండి."

మిషనమ్మ ఫోన్‌ని అరచేత్తో మూసింది.

ఇంట్లో చూసుకునే మనిషి ఉంటేనే ఆపరేషన్ అన్నారప్పుడు. కాగితం మీద అక్క పేరు రాసిచ్చింది. అక్క పోయి అప్పటికే రెండేళ్ళు.

ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. గొంతు సవరించుకుంది. అక్కది నింపాది మాట. అది తప్పిస్తే ఇద్దరి గొంతూ ఒకటే, ఫోన్లో అందరూ పొరబడేవాళ్ళు.

"చెప్పమ్మా. వాళ్ళక్కని."

"మీరైనా నిజం చెప్పండి. ఆవిడకి నొప్పి ఎంతుంది?"

"ఎనిమిది."

అంత తేలిగ్గా ఎలా వచ్చేసిందో ఆమెకే తెలియలేదు.

"కాలు వంచితే ప్రాణం పోతుంది దానికి. కంటి మీద కునుకు లేదు. అలవాటైపోతాయని మాత్రలు సగానికి విరిచి మింగుతోంది. మెట్లు దిగి నెలైంది. చిన్నప్పుడూ ఇంతే, మోకాలు చెక్కుకుపోతే గౌను కిందికి లాక్కుని, ఏం లేదనేది."

"మీకు కూడా చెప్పరా?"

"నేను దగ్గరుంటే చెప్పేది."

"మధ్యలో ఊరెళ్ళారా?"

"ఆఁ... వెళ్ళాను."

మిషనమ్మ కళ్ళు తుడుచుకుంది. తనని ఒక్కదాన్నీ వదిలేసి పోయినందుకు అక్క మీద మళ్ళీ కోపం వచ్చింది.

"రేపు పదింటికి ఆవిడని తీసుకురండి. ఇంకా చెయ్యి దాటిపోలేదు. మీరు కూడా పక్కనుండాలి."

"ఉంటాలేమ్మా."

మర్నాడు చేతికర్ర పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగి, ఏడుస్తూ దిగింది.

ఆసుపత్రి గదిలో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో కూర్చుంది. రెండోదాంట్లో చేతిసంచి పెట్టింది.

అమ్మాయి కాగితాలు తెరిచింది.

"పదిలో ఎంతమ్మా?"

రెండు అందామని నోరు తెరిచింది మిషనమ్మ.

అక్క గొంతు వచ్చింది. నింపాదిగా.

"ఎనిమిదమ్మా."

అమ్మాయి తలెత్తింది. ఆమె వంక చూసింది. సంచి ఉన్న కుర్చీ వంక చూసింది.

ఎనిమిది అని రాసుకుంది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. కింద కూర్చుని ఆ కాలుని మెల్లగా తన ఒళ్ళోకి తీసుకుంది.

అక్కగారేరీ అని అడగలేదు.