గడప కాడ రక్తపిశాచి

"థూ, ఏందిరా ఈ ఆట!" ప్రహ్లాద కంట్రోలర్‌ను సోఫా మీదికి విసిరేసినాడు. టీవీలో నల్లకోటు రక్తపిశాచి ఒక ఇంటి తలుపు ముందర కదలకుండా నిలబడి ఉండాడు. "కోట గేట్లు ఇరగ్గొట్టినాడు, సైన్యం రక్తమంతా తాగినాడు. ఈడికొచ్చి గడప దాటలేడంట!"

"ఇంట్లోవాళ్లు పిలిస్తేనే పోతాడప్పా. ఆట రూలే అది," అన్నాడు ఏలియా, కిటికీ అవతల అరుగు మీద నుంచి. నంద్యాల కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచి. ఆళ్లగడ్డలో ప్రహ్లాద వాళ్ల ఈ ఇంటికి ఏలియా ఆరేండ్లుగా వస్తాండాడు.

"నెట్లో అందరూ తిడతాండారు. నేనూ ఒక్క స్టారే ఇస్తాండా. పిలవలేదని బయటే నిలబడే నాయాలికి సిగ్గుండాల."

ప్రహ్లాద చేతిలో స్టీలు గ్లాసు. ఏలియా చేతిలో పేపర్ గ్లాసు.

"ఆరేండ్లనుంచి నేను యాడ కూచుంటాండానప్పా?"

ప్రహ్లాద, అమ్మ ఉన్న వంటింటి దిక్కు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "లోపలికి రారా," అన్నాడు.

"గట్టిగా పిలువు. మీయమ్మకు ఇనపడాల."

ప్రహ్లాద మెల్లగా కంట్రోలర్ అందుకున్నాడు, టీవీ దిక్కు తిరిగినాడు.

ఏలియా పేపర్ గ్లాసు నలిపి అరుగు మీదనే పెట్టి లేచినాడు.

"ఆ ఒక్క స్టారు గూడా నీకు ఎక్కువే."