ట్యాంకు మీద పేరు

నేను తయారుచేసిన హైడ్రోజన్ ట్యాంకు మీద మీ పేరు రాయించుకున్నారు, వెంకటప్పయ్య గారూ. అందుకే కవరు కాకుండా కార్డు రాస్తున్నాను, పోస్టాఫీసంతా చదువుకోవాలని.

మీ సారపాక వెల్డింగ్ షెడ్డులో, లైబ్రరీ పుస్తకం చూసి నేను ట్యాంకులో లోహపు పొడి నింపి గ్యాస్ పట్టిస్తుంటే, "ఏందిరా, పొడి కూడా గాలి తాగుద్దా?" అని నవ్వారు. తాగింది. ఆ గ్యాస్‌తోనే మోపెడ్ భద్రాచలం బ్రిడ్జి దాకా నడిచింది. మర్నాడే నన్ను పనిలోంచి తీసేశారు.

సోమవారం ఖమ్మంలో ఆఫీసర్ల ముందు దాన్ని నడుపుతారట. నడపండి. ఫర్లాంగు పోయి ఆగిపోతుంది. గ్యాస్ వదిలేకొద్దీ పొడి చల్లబడుతుంది, చల్లబడితే ఇక వదలదు. సైలెన్సర్ వేడిని ట్యాంకు చుట్టూ తిప్పడానికి ఒక రాగి గొట్టం పెట్టాను. రంగు వేయించేటప్పుడు, చూడ్డానికి బాగాలేదని మీరే దాన్ని పీకించి చెత్తలో వేయించారు. ఇక అందరి ముందూ మోపెడ్ తోసుకుంటూ రండి.

ఆ గొట్టం షెడ్డు ఊడ్చే ద్వాలి దగ్గర భద్రంగా ఉంది. ఆ గొట్టం పెట్టకముందు, మొదటిసారి బండి ఆగినప్పుడు ట్యాంకు మీద చెయ్యి పెట్టి, "దీనికి సలి పెడ్తందన్నా, పొగగొట్టం కాడికి జరుపు" అన్నది ఆమే. "ఊడ్చేదానివి, నీకెందుకే ఇంజను సంగతి?" అని మీరు కసిరారు.

సోమవారం లోపు అలాంటి గొట్టం ఇంకొకటి వంచి అమర్చడం మీ షెడ్డులో ఎవరివల్లా కాదు. అది కావాలంటే ట్యాంకు మీద మీ పేరు చెరిపించండి. నా పేరు అక్కర్లేదు. ద్వాలి పేరు రాయించండి. ఆదివారం పొద్దుగూకేలోపు ఆమె గుడిసె ముందుకొచ్చి, ఆ పేరు పైకి చదివి, గొట్టం తీసుకెళ్లండి.