నిమ్మతొక్క, మిరియాలు

గుమ్మంలోనే తల్లి చేయి అడ్డం పెట్టింది. కూతురి మెడ దగ్గరికి వంగి వాసన చూసింది.

"ఏమిటే ఇది?"

బస్సులో పక్కన ఎవరో సెంటు పూసుకుని కూర్చున్నారని కూతురు చెప్పింది. చెబుతూ, చెప్పులు విప్పే వంకతో తల వంచుకుంది. మగవాళ్ళ సెంటు ఇంత దగ్గరగా ఎలా అంటుకుందో కూడా చెప్పమంది తల్లి.

ఆ ఇంట్లో ఎవరూ సెంటు రాసుకోరు. పౌడరు లేదు, వాసన సబ్బు లేదు, తలకి రాసే నూనె కూడా వాసన లేనిదే. తండ్రిది టీ కంపెనీలో రుచి చూసే పని. వరసగా పెట్టిన కప్పుల మీదికి వంగి, ఆవిరి పీల్చి, ఒక గుక్క పుక్కిలించి ఊసేసి, ఏ ఆకు మంచిదో ఏది పాడైందో చెప్పాలి. ఆ ముక్కు కోసం ఇల్లంతా అలా కట్టుబడి బతికింది. చలికాలంలో ఆయనకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని, పోయిన వాసన తిరిగి రాలేదు. రేపు పొద్దున మేనేజరు ఆయన ముందు కప్పులు పెట్టిస్తాడు. చెప్పగలిగితే సరి, లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

"మీ నాన్నకి తెలిసిందంటే..." అని తల్లి సగంలో ఆగిపోయింది. ఆయనకి ఎలా తెలుస్తుంది? గొంతు తగ్గించి, "వెళ్ళి మొహం కడుక్కో. ఆ స్కార్ఫ్ నీళ్ళలో పడెయ్," అంది.

ఆ సెంటు సంగతి కూతురికి బాగా తెలుసు. ఆఫీసులో పక్క బల్ల అతనిది. పొద్దున అతను వచ్చి కూర్చోగానే నిమ్మతొక్క గిల్లినట్టు చురుక్కుమనేది. వెనకే మిరియాల ఘాటు, తుమ్ము వచ్చినంత పనయ్యేది. మధ్యాహ్నానికి నిమ్మ జారుకుని ఏలకులు, కాస్త అల్లం మిగిలేవి. సాయంత్రం ఫైళ్ళు సర్దుకునే వేళకి రంపపు పొట్టులా, బాగా దగ్గరికి వస్తే తప్ప తెలియనంత మెత్తగా అయిపోయేది. ఇవాళ మాత్రం ఆఫీసు అయ్యాక మళ్ళీ కొట్టుకున్నాడు. మీ నాన్నగారితో మాట్లాడతానని పట్టుబట్టి, స్కూటర్ మీద వీధి చివరిదాకా దింపాడు. రేపటిదాకా నాన్న ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేడని ఆమె బతిమాలింది. సరే, కాసేపు బేకరీ దగ్గరే ఉంటాను, మనసు మారితే ఫోన్ చెయ్యమన్నాడు.

ఆమె పంపు దగ్గరికి వెళ్ళబోతుంటే తండ్రి పిలిచాడు. "అమ్మలూ, ఇలా రా."

రోజూ సాయంత్రం భోజనాల బల్ల మీద తల్లి సాసర్లు పెట్టేది. ఒకదాంట్లో నిమ్మతొక్క, ఒకదాంట్లో లవంగాలు, ఇంకోదాంట్లో కాఫీ పొడి. ఆయన కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ పీల్చి, లేదు అనేవాడు. ఇవాళ కూడా అలాగే అని, అన్నీ తీసుకుపొమ్మన్నాడు. బల్ల ఖాళీగా ఉంది. రేపు కప్పుల దాకా వెళ్ళనని, ముందే మేనేజరుకి చెప్పేస్తానని కూతురితో అన్నాడు.

"తెలియనిది తెలిసినట్టు చెప్పలేనమ్మా."

అప్పటికి ఆమెకి సెంటూ గుర్తులేదు, బేకరీ గుర్తులేదు. కుర్చీ లాక్కుని ఆయన భుజం మీద తల పెట్టుకుంది.

తండ్రి తుమ్మాడు. తల ఎత్తి మళ్ళీ ఒకసారి గట్టిగా గాలి పీల్చాడు.

"నిమ్మతొక్క తియ్యలేదేం?" అన్నాడు.

అన్నీ తీసేశానని తల్లి వంటింట్లోంచి చెప్పింది.

"లేదు, ఉంది. మిరియాలు కూడా పెట్టావు. మంచి రకం." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఏలకులు. వాటి అడుగున చెక్క పొట్టు. పచ్చి చెక్క కాదు, ఎండినది."

వంటింట్లో గిన్నె కిందపడింది. తల్లి వచ్చి ఖాళీ బల్లనీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. మళ్ళీ లోపలికి పరిగెత్తి, గుప్పిట్లో ఏదో పట్టుకొచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది.

"కాఫీ," అన్నాడు. "డబ్బా మూత సరిగ్గా పెట్టడం లేదు నువ్వు. సగం వాసన పోయింది."

ఆ తిట్టుకి తల్లి నేలమీదే కూలబడింది. కాఫీ పొడి చేతులతోనే మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. కూతురు పకపకా నవ్వుతూ, నవ్వుతూనే ఆగిపోయింది. తండ్రి చూపు స్కార్ఫ్ మీద ఉంది.

"బస్సులో ఎవరో నాన్నా..."

"బస్సులో అయితే ఒక పక్కకే అంటుతుంది. ఇది ముందంతా ఉంది, వీపున లేదు. అంటే స్కూటరు. నిమ్మ ఇంకా ఎగిరిపోలేదు, అంటే ఇటు వచ్చేముందు కొట్టుకున్నాడు. ఇప్పుడు ఎక్కడున్నాడు?"

ఈ ఒక్క రాత్రికి దాన్ని ఏమీ అనకండని తల్లి కిందనుంచే అడ్డం వచ్చింది. వీధి చివర బేకరీ దగ్గరని కూతురు చెప్పింది.

తండ్రి లేచాడు. చొక్కా గుండీలు పెట్టుకుని, వీధి తలుపు దాకా వెళ్ళి గడియ తీశాడు.

"ఫోన్ చెయ్యి. మొహం కడుక్కోకుండా రమ్మను, ఇంకోసారి వాసన చూసుకుంటే గాని రేపటికి నాకు ధైర్యం చాలదు," అన్నాడు. తర్వాత అటు తిరిగే, "అల్లుడయ్యాక మాత్రం ఈ ఇంట్లో సెంటు కుదరదని ఇప్పుడే చెప్పెయ్," అన్నాడు.