లినక్స్ మీద ఆగిన బిల్డ్

చెరకు లారీలను తూకం వేసే ప్రోగ్రాం రాసింది వీరస్వామి. దాన్ని బయటివాళ్లకు అమ్ముకుంటున్నాడని లేనిపోని చాడీ చెప్పి, తోటి ఉద్యోగి హనోకు అతణ్ణి ఉద్యోగంలోంచి తీయించాడు. ప్రోగ్రాంలో అతని పేరు చెరిపి తన పేరు పెట్టుకున్నాడు. నెల తిరక్కుండానే వీరస్వామి నిజాంసాగర్ కాలువలో శవమై తేలాడు.

ఆ రోజు నుంచి నిజామాబాద్ ఆఫీసులో రాత్రిపూట దానంతటదే నడిచి, రాసిన ప్రోగ్రాంను వాడకానికి సిద్ధం చేసే బిల్డ్ విండోస్ మీద పూర్తయ్యేది, లినక్స్ మీద ఆగిపోయేది. ఎర్రర్ ఒక్కటే: ‘వీరస్వామి అనే ఫైలు దొరకలేదు.’ హనోకు ప్రోగ్రామంతా గాలించాడు. ఆ పేరు ఎక్కడా లేదు.

నాలుగో రాత్రి విండోస్ కూడా అదే మాట చెప్పి ఆగింది. తెల్లారితే చక్కెర ఫ్యాక్టరీలో కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి.  హనోకు బోధన్‌లో ఉన్న వీరస్వామి భార్య యేసమ్మకు ఫోన్ చేశాడు.

“అక్కా, నాది తప్పయింది. అన్న పేరు మళ్ల పెడ్త. గీ ఫైలు గురించి అన్న ఏమన్న రాసిపెట్టిండా?”

ఆమె ఎదురు ప్రశ్న వేసింది.

“నీ పక్కన ఎవరున్నరు?”

“ఎవ్వరు లేరక్కా. ఒక్కన్నే ఉన్న.”

“దగ్గు ఇనబడుతున్నది,” అంది యేసమ్మ. ఆ గొంతులో భయం లేదు. “మా ఆయన దగ్గు నాకు తెల్వదా? నువ్వు సప్పుడు చెయ్యకు. ఆయన్ని మాట్లాడనియ్యి.”