పైకి చదవండి

నైరోబీలో కిసుము వెళ్లే విమానం తలుపు మూసే వేళకు ఓజ్వాంగ్ వచ్చి కాక్‌పిట్‌లో అడ్డంగా నిలబడ్డాడు.

డెబ్బై దాటిన మనిషి. విమానాల్లో ఉంచే ఎమర్జెన్సీ చెక్‌లిస్టు పుస్తకాల్లో పాత పేజీలు తీసి కొత్తవి పెట్టడం ఆయన ఉద్యోగం. చాటున అందరూ ఆయన్ను కాగితాల తాత అనేవారు.

పేజీ మార్చాడు, కానీ దిగలేదు. కొత్తగా చేర్చిన వాక్యాలను కెప్టెన్ పైకి చదివితే గానీ కదలనన్నాడు.

కెప్టెన్ నెకేసాకు ఒళ్లు మండింది. అప్పటికే పది నిమిషాలు ఆలస్యం.

“ఆ పుస్తకమంతా నాకు కంఠతా వచ్చు, పెద్దాయనా.”

“వచ్చు తల్లీ. అందుకే చదవమంటున్నా.”

“కాగితాలు మార్చడం మీ పని. విమానం నడపడం నా పని. దిగండి.”

ఆయన దిగిపోయాడు.

ఆ చాదస్తపు ముసలాయన్ని విమానాల దగ్గరికి రానివ్వొద్దని ఆ సాయంత్రమే ఆమె పై ఆఫీసుకు ఫిర్యాదు రాసింది.

నాలుగో రోజున అదే విమానం నేల వదిలిన రెండు నిమిషాలకు ఎడమ ఇంజను అంటుకుంది. హెచ్చరిక గంట మోగింది. వెనక అరవై రెండు మంది ఉన్నారు.

నెకేసా చెయ్యి చటుక్కున ఇంజను ఆపే మీట మీదికి పోయింది. కంఠతా వచ్చిన పనే కదా.

పక్కనున్న కో-పైలట్ చెమ్వేనో పుస్తకం తెరిచాడు. కొత్త పేజీ పైకి చదివాడు.

“ఏ ఇంజనో పైకి చెప్పాలి. చెప్పాక చేతిని చూసుకోవాలి. అప్పటిదాకా మీట లాగకూడదు.”

“ఎడమ,” అంది నెకేసా.

చేతిని చూసుకుంది.

అది కుడి మీట మీద ఉంది.

లాగి ఉంటే రెండు ఇంజన్లూ పోయేవి. చెయ్యి మార్చింది. ఎడమే అని చెమ్వేనో కూడా చూసి చెప్పాకే లాగింది. మంట ఆరింది. ఒక్క ఇంజనుతో వెనక్కి తిప్పి దించారు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

విమానం దిగిన వెంటనే నెకేసా ఓజ్వాంగ్ పనిచేసే పుస్తకాల గదికి వెళ్లింది. సిగ్గుతో ఆమెకు ప్రాణం చచ్చిపోయినట్టుంది. ఆ పెద్దాయన ముందు తల వంచి క్షమించమని అడగాలి.

కుర్చీ ఖాళీగా ఉంది.

“నిన్ననే తీసేశారు, మీ ఫిర్యాదు మీద,” అంది గుమాస్తా మ్వెండే. ఎక్కడికి వెళ్లాడో ఎవరికీ చెప్పలేదట. ఆయనకు ఫోను కూడా లేదట.

“ఆ కొత్త వాక్యాలు ఎవరు రాశారు?”

“ఆయనే. చేర్చమని పదకొండేళ్లు పై వాళ్ల చుట్టూ తిరిగాడు.”

“కాగితాలు మార్చే మనిషికి ఇంజన్ల సంగతి ఎలా తెలుసు?”

మ్వెండే ఆ ఖాళీ కుర్చీని బల్ల కిందికి నెట్టింది.

“ముప్పై ఏళ్ల కిందట మంట ఒకవైపు ఉంటే మంచి ఇంజను ఆపేసి, పద్నాలుగు మందిని పోగొట్టుకుని, తానొక్కడే బతికిన కెప్టెన్ ఆయనే.”