అమ్మమ్మ చూసిన మూడు యూనివర్సిటీలు

"తొంభై శాతం దాటితేనే దరఖాస్తు తీసుకుంటాం," అన్నాడు కౌంటర్లో కూర్చున్న కళ్లజోడు గుమాస్తా.

అమ్మమ్మ చలించలేదు. "చేర్చుకున్నాక పిల్లల్ని ఎలా చూస్తారు బాబూ? మధ్యలో కాస్త బయటికి వదులుతారా?"

గుమాస్తా ఛాతీ ముందుకొచ్చింది. "పొద్దున గేటు వేస్తే సాయంత్రం దాకా తియ్యం. హాజరు తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వం. మూడేళ్లూ పుస్తకంలోంచి తలెత్తరు మా పిల్లలు."

"పాపం," అంటూ లేచింది అమ్మమ్మ. "పద పిచ్చుకా. ఇది మనకు పనికిరాదు."

జనం ఎగబడే యూనివర్సిటీని పనికిరాదన్న మనిషిని అతను తన సర్వీసులో చూసి ఉండడు.

బయటికొచ్చాక మనవరాలు నవ్వింది. నోరు మూతపడదని దానికి పిచ్చుక అని పేరు పెట్టింది అమ్మమ్మే. "కాస్త నెమ్మదిగా చెప్పొచ్చుగా అమ్మమ్మా. ఆయన మొహం మాడిపోయింది."

"మాడనీవే. మొహమాటపడి ఒకసారి మునిగాం, చాలదూ?"

ఆ మాటతో పిచ్చుక నవ్వు ఆగిపోయింది. నిరుడు ఎవరో చెప్పారని, ముందూ వెనకా చూడకుండా ఓ కొత్త కాలేజీని నమ్ముకున్నారు. ఏడాది తిరక్కుండానే దానికి తాళం పడింది. పిచ్చుక వెళ్లి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో చేరింది. జిగురు తగిలి తగిలి దాని వేళ్ల చివర్లు పొట్టు లేచిపోయాయి. ఈసారి కూడా ఎంపిక తప్పితే ఇక జన్మంతా ఆ జిగురు డబ్బాలతోనే. అందుకే అమ్మమ్మ పట్టు పట్టింది. ఊళ్లో ప్రతి యూనివర్సిటీ గడపా తొక్కాలి. ఎవర్ని చేర్చుకుంటారో, ఏం చదివిస్తారో, ఎన్నాళ్లు చదివిస్తారో తన చెవులతో తనే వినాలి. అక్షరాలు కూడబలుక్కునే చదువే ఆవిడది. కానీ ఒకసారి చెవిన పడింది జారిపోదు.

రెండో చోట కుర్చీలు మెత్తగా ఉన్నాయి. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది.

"మా దగ్గర మార్కుల పట్టింపే లేదు పెద్దమ్మా. స్కూలు చదువు పాసైతే చాలు. ఏ వయసువాళ్లయినా చేరొచ్చు."

"అయితే చాలామంది చేరతారా?" పిచ్చుక కళ్లు మెరిశాయి.

"వేలల్లో."

అమ్మమ్మ కిటికీలోంచి ఖాళీ ఆవరణ కేసి చూసింది. "ఆ వేలమందీ ఏరమ్మా?"

"క్లాసులన్నీ ఫోన్లోనే కదా. పరీక్షలప్పుడు మాత్రం ఒకసారి వస్తారు."

"మంచం మీద పడుకునే డిగ్రీ తెచ్చుకుంటారన్నమాట. బాగుంది. మాకొద్దు."

"ఫీజులో రాయితీ కూడా..."

"ఊరికే ఇచ్చినా వద్దు తల్లీ."

మూడోదానికి చేరేసరికి అమ్మమ్మ మోకాళ్లు మొరాయించాయి.

"పోనీ రేపొద్దామా?" అంది పిచ్చుక.

"రేపు నీకు ఫ్యాక్టరీ. నోరు మూసుకుని చెయ్యందించు."

ఇక్కడి గుమాస్తా ఆవులిస్తూ అడిగాడు. "ఏ కోర్సమ్మా?"

"ఎందులో ఎక్కువమంది ఉన్నారు?"

"నర్సింగ్. నాలుగేళ్లు. అరవై శాతం మార్కులుండాలి. ఆపైన ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూకి తల్లో తండ్రో వెంట రావాలి."

"వచ్చినవాళ్లని ఎంతసేపు కూర్చోబెడతారు?"

"నిజం చెప్పమంటారా? పొద్దున వస్తే పొద్దుగూకేదాకా."

"మంచిది."

గుమాస్తా ఆవులింత సగంలో ఆగింది. "చదువు మాత్రం కష్టమమ్మా. గంటలకొద్దీ నిలబడి ప్రాక్టికల్స్ చెయ్యాలి. విరామానికి బయటికొచ్చేసరికి పిల్లలు వాడిపోయి ఉంటారు."

"ఇంకా మంచిది. వచ్చే ఏడాదికి ఉంటుందా మీ యూనివర్సిటీ?"

"భలేవారే. వచ్చే ఏడాది ఫార్మసీ కూడా మొదలుపెడుతున్నాం."

అమ్మమ్మా మనవరాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంతకీ అమ్మాయికి మార్కులెన్ని?" అన్నాడు గుమాస్తా.

"మార్కుల మాటెందుకులే బాబూ. దాని చెయ్యి మంచిది."

"నర్సుకి ఉండాల్సింది అదే," అని నవ్వాడతను. "సోమవారం నుంచి దరఖాస్తులు తీసుకుంటాం. జనం విరగబడతారు, పెందలాడే రండి."

"తెల్లవారకముందే ఉంటాం," అంది అమ్మమ్మ.

ఆ సాయంత్రమే పిచ్చుక ఫ్యాక్టరీకి వెళ్లి, తన కార్డు సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టేసింది. "పనెందుకు మానేస్తున్నావు?" అని ఆయన అడిగితే, "యూనివర్సిటీకి వెళ్తున్నాను," అని తలెత్తి చెప్పి వచ్చింది.

సోమవారం ఇంకా మసక వీడనే లేదు, గేటు ముందు వరస సందు మలుపు దాకా పెరిగింది. తల్లులు, తండ్రులు, నిద్ర చాలక తూలుతున్న పిల్లలు.

వరసకు ఎదురుగా తోపుడుబండి ఆపి, పిచ్చుక టీకి నీళ్లు పెట్టింది.