వెనక ఒకరున్నారు

లాడ్జి పెరట్లో టైలరమ్మ మేజోళ్ళు పిండుతుండగా గేటు చప్పుడైంది.

తలెత్తి చూసింది. నత్త.

అరవై రోజుల కొండదారి నడకలో ముప్ఫై నాలుగు రోజులుగా తన వెనకే వస్తున్న పెద్దమనిషికి ఆమె మనసులో పెట్టుకున్న పేరది. పొద్దున ఆమె బయల్దేరాక బయల్దేరతాడు. సాయంత్రం ఆమె మజిలీ చేరిన గంటకి గానీ చేరడు.

నిజం చెప్పాలంటే ఆయన్ని చూస్తే ఆమెకి కొండంత ధైర్యం. కుర్రకారంతా ఆమెని దాటుకుని ఎప్పుడో వెళ్ళిపోయారు. తనకన్నా నెమ్మదిగా నడిచే ప్రాణి ఈ భూమ్మీద ఇంకొకటి ఉందన్నది చిన్న ఓదార్పేం కాదు.

"మీరూ ఇవాళ ఊళ్ళోనే ఆగారా అన్నయ్యగారూ?"

"ఆగానమ్మా. మోకాలు మొరాయిస్తోంది. ఒక్కరోజు నడుం వాలుస్తే గానీ లాభం లేదు."

"మీరు వాల్చండి. నా పని అయిపోయింది. రెండు గంటల బస్సుకి ఇంటికెళ్ళిపోతున్నాను."

ఆయన భుజాన ఉన్న సంచీ దించాడు.

"ఇంకా ఇరవయ్యారు రోజులే కదమ్మా."

"ఇరవయ్యారు రోజులే అంటారేంటి? అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాను. ఈ పాదాలు చూడండి."

ఆయన నిజంగానే కూర్చుని చూశాడు. సంచీలోంచి మందు తీసి పొక్కులకి రాశాడు. దూది పెట్టి కట్టు కట్టాడు. ఆ సంచీలోకి తొంగి చూసి టైలరమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఇంత తాడెందుకు? ఇన్ని మందులెందుకు? రెండు దుప్పట్లా? ఇల్లంతా నెత్తిన పెట్టుకుని తిరిగితే నడక ఎలా సాగుతుంది? సగం పారెయ్యండి."

"అలాగేనమ్మా."

"బరువు నడుం మీద పడాలి, భుజాల మీద కాదు. ఎవరూ చెప్పలేదా మీకు?"

"ఇప్పుడు నువ్వు చెప్పావుగా," అన్నాడు బుద్ధిమంతుడిలా.

టైలరమ్మ ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను తొక్కింది. అన్నేళ్ళు తొక్కినా ఆ కాళ్ళు ఆమెని గది గుమ్మం దాటించలేదు. అందుకే బయల్దేరింది. వారం నడిస్తే మీసం తీసేస్తానన్నాడు తమ్ముడు. ఎనిమిదో రోజున తీసేశాడు కూడా. ఇప్పుడు సగంలో తిరిగెళ్తే అది మళ్ళీ మొలిచాక కూడా దెప్పుతూనే ఉంటాడు. అయినా సరే, ఇక తన వల్ల కాదు.

ఒంటిగంటన్నరకి ఆమె సామాను సర్దుకుని వరండాలో కూర్చుంది. నత్తగారు తన సంచీ పట్టుకుని వచ్చాడు.

"పట్టీ తెగిందమ్మా. నువ్వు కుట్టుపని చేస్తావు కదా."

ఆమె అందుకుని చూసింది.

"ఇది తెగినట్టు లేదే. కత్తితో కోసినట్టుంది."

"రాయి తగిలింది."

"ఎంత పదునైన రాయో," అని సూదీ దారం తీసింది.

సగం కుట్టాక లాడ్జి యజమానురాలు వాకిట్లోంచి కేకేసింది. "బస్సొచ్చిందమ్మా."

"వెళ్ళు తల్లీ, మిగతాది నేను ఎలాగో ముడేసుకుంటాను," అన్నాడాయన. మళ్ళీ తనే, "నువ్వెళ్ళిపోతే నా ముందు ఎవరూ ఉండరు. సాయంత్రానికి ఎవరో ఒకరు ముందే చేరి తలుపు తీసి ఉంచుతారన్న ఆశతోనే నడుస్తున్నాను," అన్నాడు.

తన నడక మీద ఆధారపడిన మనిషి ఒకడున్నాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. తర్వాత వెళ్ళిపోయిన చప్పుడు.

ఆమె కుట్టు మీంచి తల ఎత్తలేదు.

"రేపట్నుంచి నేను నిదానిస్తాను. మీరు కాస్త పెద్ద అంగలు వెయ్యండి."

"అక్కర్లేదమ్మా. నీ నడక నువ్వు నడువు. నేను వస్తూనే ఉంటాను."

ఇరవయ్యారు రోజులు ఆమె నడిచింది. ప్రతి సాయంత్రం ముందే చేరి తలుపు తీసి ఉంచింది. గంటకి ఆయన వచ్చేవాడు.

చివరి రోజు మధ్యాహ్నం ఆమె దారి కొసన ఉన్న ఆఫీసు గది చేరింది. గుమాస్తా రిజిస్టరులో ఆమె పేరు రాసి, స్కేలు పెట్టి కింద గీత గియ్యబోయాడు.

"ఆగండి, నా వెనక ఒకాయన వస్తున్నారు."

బెంచీ మీద కూర్చుంది. తమ్ముడికి ఫోను కూడా చెయ్యలేదు. ఆయన అడుగుపెట్టగానే చప్పట్లు కొట్టాలి. మీరు లేకపోతే నేను సగంలోనే ఇంటికి పోయేదాన్నని చెప్పాలి. ఇన్నాళ్ళూ నత్త అనుకున్నందుకు మనసులోనే చెంపలు వేసుకుంది.

గంటయింది. రెండు గంటలయింది.

"అసలే మోకాలి నొప్పి మనిషి. ఎక్కడ పడిపోయారో ఏమో," అంటూ సంచీ తగిలించుకుని వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

గుమాస్తా లేచి అడ్డం వచ్చాడు.

"వెళ్ళకమ్మా. ఇందాక నువ్వు దాటొచ్చిన వంతెన దగ్గర్నుంచి ఆయన ఫోన్ చేశారు. టైలరమ్మ క్షేమంగా చేరిందా అని అడిగారు. చేరిందన్నాను. అటునుంచి అటే బస్సెక్కేశారు."

"ఇన్ని రోజులు నడిచి, గంట దూరంలో బస్సెక్కడమేంటి? ఆయన పేరు మీ రిజిస్టరుకి ఎక్కొద్దూ?"

గుమాస్తా రిజిస్టరు మూసేశాడు.

"నీకు చెప్పొద్దని మాట తీసుకున్నారు. కానీ మోకాలు పూర్తిగా పాడై ఈ ఏడాదితో మానేస్తున్నారు, ఇంక దాచి లాభమేముంది. పద్దెనిమిదేళ్ళుగా ఆయన ఉద్యోగమే అదమ్మా, అందరికన్నా చివర నడిచేవాళ్ళ వెనకాల, తామే చివర అని వాళ్ళకి తెలియనివ్వకుండా నడవడం."